యంత్రం అడుగున అంటించిన నంబరు

మూడు కెమెరాలు, మూడు కార్డులు, మూడు సంతకాలు. పోయినసారి మనం ఆ కెమెరాల దుకాణంలోంచి ఇవతలికి వచ్చేసరికి బల్లమీద పరిచి ఉన్న కాగితాల సారాంశం ఇదే. కార్డుల అసలు యజమానులు ముగ్గురూ, తాము ఆ దుకాణం గడపే తొక్కలేదని బ్యాంకుకు రాసిచ్చారు. బ్యాంకు ఆ డబ్బు మొత్తం దుకాణం ఖాతాలోంచి వెనక్కి లాక్కుంది. కెమెరాలు పోయాయి, డబ్బు పోయింది. సాయంత్రం ఐదులోగా సంజాయిషీ రాసివ్వకపోతే కార్డు యంత్రాన్ని కూడా పట్టుకుపోతానని బ్యాంకు మనిషి కుర్చీలో బైఠాయించాడు. ఆ సంజాయిషీని దుకాణం యజమానురాలి మరిది అప్పటికే టైపు చేయించి తెచ్చాడు. కింద సంతకం చేయాల్సింది ఆమె.

కాగితంలో ఉన్నవి నాలుగే వాక్యాలు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా దుకాణంలో పనిచేస్తున్న పెద్దాయన మోసగాళ్ళతో కుమ్మక్కయ్యాడన్నది నాలుగో వాక్యం.

ఆమె పెన్ను మూత తీసింది. మళ్ళీ పెట్టింది. గోడ గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది.

"చదివేదేముంది వదినా," అన్నాడు మరిది. "సంతకం పెడితే మన మెడకి చుట్టుకున్నది ఊడిపోతుంది. పెట్టకపోతే రేపట్నుంచి ఇక్కడ కార్డు పనిచేయదు. కెమెరా కొనడానికి నోట్లకట్టలు మోసుకొచ్చేవాళ్ళు ఎవరున్నారు ఈ రోజుల్లో? నెల తిరక్కుండా తాళం వేసుకోవడమే."

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. అది ఆమె చేతిని ముందుకు తోస్తోంది, నాలుగో వాక్యం ఆపుతోంది.

ఆమె భర్త పోయి డెబ్బై రోజులు. అమ్మడం ఆయన పని, తుడవడం ఆమె పని. దుకాణం వెనకగదిలో, కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుని, లెన్సుల లోపల పట్టిన బూజు తీయడం ఇరవై రెండేళ్ళుగా ఆమె చేస్తున్నది. ముందుగదిలో ఎవరొచ్చారు, ఎవరు బేరమాడారు, ఎవరు ఊరికే చూసిపోయారు అన్నది గొంతుల్ని బట్టే పోల్చుకునేది. మనుషుల్ని చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. ఇప్పుడు ఆయన కుర్చీలో కూర్చుని మనుషుల ముఖాలు చూడాల్సి రావడం ఆమెకింకా అలవాటు కాలేదు.

ఎదురుగా గాజు అలమర పక్కన పెద్దాయన నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఆమె రెండుసార్లు చెప్పింది. కూర్చోలేదు. దుకాణానికి ఎవరొచ్చినా "ముందు ఫోకస్ చూసుకోండి" అనడం ఆయనకు అలవాటు. అందుకని ఆమె భర్త ఆయన్ని ఫోకస్‌గారు అని పిలిచేవాడు. ఆ పేరు వీధంతా పాకింది. ఇప్పుడు ఫోకస్‌గారి ఎడమకంటికి శుక్లం. "నా లెన్సుకీ బూజు పట్టిందమ్మా, మీ బల్లమీద పడుకోబెట్టి తుడిచెయ్యండి" అని మొన్నమొన్నటిదాకా హాస్యమాడేవాడు.

"మరోసారి మొదట్నుంచీ చెప్పండి పెద్దాయనా," అన్నాడు బ్యాంకు మనిషి.

"పొద్దున్నుంచీ నాలుగుసార్లు చెప్పాను."

"ఐదోసారి చెప్పండి. ఎక్కడైనా తేడా వస్తుందేమో చూద్దాం."

"నేను చెప్పేదాంట్లో రాదు బాబూ. మీరు రాసుకునేదాంట్లో వస్తే చెప్పలేను."

మామూలు రోజైతే ఆమె నవ్వేది.

ఫోకస్‌గారు గొంతు సవరించుకున్నాడు. "మొదట వచ్చినతను నలభై ఏళ్ళవాడు. శుభ్రంగా ఉన్నాడు. అలమరలో ఉన్నవాటిలో ఖరీదైనదాన్ని వేలితో చూపించి, ఇది కట్టెయ్యండి అన్నాడు. కంటికి పెట్టుకుని చూడలేదు. బరువెంతో చేత్తో పట్టుకునైనా చూడలేదు. అది నాకు నచ్చలేదు."

"నచ్చకపోతే ఎందుకు అమ్మావు?" అన్నాడు మరిది.

"నచ్చలేదు కాబట్టే కదా ఫోన్ చేసింది! కార్డు గీశాను. యంత్రం ఒప్పుకోలేదు, బ్యాంకుకు ఫోన్ చేయమని చూపించింది. ఫోన్ చేశాను. ఆరంకెల కోడ్ చెప్పారు. చెప్పిన కోడ్ కొట్టాను, చీటీ వచ్చింది. గుర్తింపుకార్డు అడిగాను, చూపించాడు. కార్డుమీద పేరు, దానిమీద పేరు ఒకటే. వెనక సంతకం, చీటీమీద సంతకం భూతద్దం పెట్టి చూశాను. ఇంకేం చేయాలి?"

"రెండు కళ్ళజోళ్ళు, ఒక భూతద్దం," అన్నాడు మరిది. "ఇన్ని ఉన్నా దొంగ మాత్రం కనబడలేదు."

"దొంగ కనబడేలా వస్తాడా బాబూ? మీకు కనబడితే చెప్పండి, నేర్చుకుంటాను."

బ్యాంకు మనిషి చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. చెడ్డవాడేం కాదు. కొత్తబూట్లు కరుస్తున్నట్టున్నాయి, బల్లకింద లేసులు వదులు చేసుకున్నాడు. "మేడమ్, నాకు పెద్దాయనమీద కోపం లేదు. కానీ మా దగ్గర ఒక లెక్క ఉంటుంది. కోడ్ కోసం ఏ దుకాణం ఫోన్ చేసినా అది మా రికార్డుల్లోకి ఎక్కుతుంది. ఆ మూడు రోజుల్లో మీ దుకాణం నుంచి మాకు ఒక్క ఫోనూ రాలేదు. ఆ మూడు కోడ్‌లూ మేమిచ్చినవి కావు. అంకెలు సరైనవో కావో చూడకుండానే యంత్రం చీటీ ఇచ్చేస్తుంది, తేడా మాకు తర్వాత తెలుస్తుంది. మరి ఆ అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? సొంతంగా కల్పించి ఉండాలి. ఇంకో దారి నాకైతే కనబడటం లేదు."

"నేను ఫోన్ చేశాను," అన్నాడు ఫోకస్‌గారు. ఆ గొంతులో మొదటిసారి వణుకు వినబడింది. "ఎవరో ఆడమనిషి. ఎంత మర్యాదగా మాట్లాడిందని! నా జీవితంలో బ్యాంకువాళ్ళు అంత మర్యాదగా మాట్లాడటం అదే మొదలు."

"అక్కడే అనుమానం రావాల్సింది," అన్నాడు బ్యాంకు మనిషి. అన్నాక తన మాట తనకే వినబడి తల వంచుకున్నాడు.

"ఫోన్ బిల్లు చూస్తే తెలిసిపోతుందిగా?" అంది ఆమె.

"బిల్లు వచ్చేది నెలాఖరుకి వదినా. ఇప్పుడు టైమెంతయిందో చూశావా?"

ఆమె గడియారం వైపు చూడలేదు. గల్లాపెట్టె మూత ఎత్తింది. మూత లోపలివైపు భర్త అంటించిన కాగితం ఉంది. ఆయన చేతిరాత. దుకాణానికి కార్డు యంత్రం వచ్చిన కొత్తలో రాసింది.

సరుకు చూడకుండా, ధర అడక్కుండా తొందరపెట్టేవాడి దగ్గర నువ్వు తొందరపడకు. ఒక కార్డు పనిచేయకపోతే జేబులోంచి రెండోది, అదీ కాకపోతే మూడోది తీసేవాడికి నమస్కారం పెట్టి పంపించు. ఫోన్లో కార్డు నంబరు చెప్పి, మనిషిని పంపిస్తాను కెమెరా ఇచ్చెయ్యండి అన్నవాడిని, కార్డు పట్టుకుని స్వయంగా రమ్మను. వాడు తన ఫోన్ చేతికిచ్చి ఇదిగో బ్యాంకు, మాట్లాడండి అంటే దాన్ని ముట్టుకోకు. యంత్రం అడుగున మనం అంటించుకున్న నంబరుకి, మన ఫోన్ నుంచే చెయ్యి.

చివరి వాక్యం కింద రెండు గీతలు.

"వాళ్ళు తమ ఫోన్ ఇవ్వబోయారా?" అని అడిగింది.

"ఇవ్వబోయారమ్మా. ముగ్గురూ ఇవ్వబోయారు. నేను పుచ్చుకోలేదు. అయ్యగారు చెప్పిన మాట అది. మా నంబరుకే చేసుకుంటాం అన్నాను."

"వద్దంటే ఏమన్నారు?"

"ఏమంటారు? నవ్వి ఊరుకున్నారు. మీకెలా నమ్మకమైతే అలా చేయండి అన్నారు."

ఆమె గల్లాపెట్టె మూత వేయబోయి ఆగింది.

"ఎవరు అన్నారు? మొదటతనా?"

ఫోకస్‌గారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆలోచించేటప్పుడు ఆయన చేసే పని అది. "మొదటతను. రెండో అతను కూడా... అవునమ్మా, ముగ్గురూ అదే మాట అన్నారు. మీకెలా నమ్మకమైతే అలా చేయండి అని."

 అలమరలో ఎక్కడో ఒక పాత కెమెరా స్ప్రింగు తనంతట తాను టిక్కుమంది.

వెనకగదిలో కూర్చుని ఇరవై రెండేళ్ళు గొంతులు విన్న మనిషి ఆమె. మోసం చేయడానికి వచ్చినవాడి గొంతు, పని చెడిందని తెలియగానే మారుతుంది. విసుక్కుంటాడు, గట్టిగా అరుస్తాడు, వేరే దుకాణానికి పోతానంటాడు. వీళ్ళు నవ్వారు. కుర్చీలో కూర్చుని, ఈ ముసలాయన తన నంబరుకి ఫోన్ చేసేదాకా తీరిగ్గా ఎదురుచూశారు. ముగ్గురూ ఒకే మాట, ఎవరో నేర్పినట్టు. అంటే పని చెడలేదు. ఆయన ఫోన్ చేయడమే వాళ్ళకి కావాలి.

ఆమె లేచి యంత్రాన్ని చేతిలోకి తీసుకుంది. అరచేయికన్నా కాస్త పెద్దది. దాన్ని బోర్లించింది.

అడుగున తెల్లటి చీటీ, అచ్చు అక్షరాలు. అనుమతి కోడ్ కోసం ఈ నంబరుకు ఫోన్ చేయండి. కింద ఆమెకు తెలియని నంబరు.

"ఇది మీదేనా?" అని బ్యాంకు మనిషి ముందు పెట్టింది.

అతను చూశాడు. లేచి వెలుతుర్లోకి తీసుకెళ్ళి మళ్ళీ చూశాడు. బూటు లేసు కాలికింద పడి తూలబోయాడు.

"ఇది మా నంబరు కాదు," అన్నాడు. "మూడుసార్లు వచ్చాను ఈ దుకాణానికి. ఒక్కసారైనా దీన్ని తిరగేసి చూడలేదు."

ఫోకస్‌గారు అప్పుడు కూర్చున్నాడు. ఎవరూ చెప్పకుండానే.

అందరికంటే ముందు తేరుకున్నది మరిది. "అయితే ఇంకేం! యంత్రం ఎప్పుడూ ఈయన చేతిలోనే కదా ఉండేది. ఈయనే అంటించాడు."

"నేను అంటిస్తే దానికి మళ్ళీ నేనే ఎందుకు ఫోన్ చేస్తాను బాబూ?" ఫోకస్‌గారు తలెత్తలేదు. "నోటికొచ్చిన ఆరంకెలు కొట్టి ఊరుకునేవాణ్ణి. చీటీ ఎలాగూ వస్తుందంటున్నారుగా."

బ్యాంకు మనిషి అవునన్నట్టు తలాడించాడు. 

ఆమె యంత్రాన్ని తీసుకుని వెనకగదిలోకి నడిచింది. ముగ్గురూ ఆమె వెనకే వచ్చి గుమ్మంలో ఆగారు.

లేబుళ్ళు పీకడం ఆమె భర్తకు నచ్చేది కాదు. పీకితే పెట్టె చర్మం లేచొస్తుందనేవాడు. ధర మారితే పాతదానిమీదే కొత్తది అంటించేవాడు. కొన్ని లెన్సు పెట్టెలమీద ఐదారు ధరలు ఒకదాని కింద ఒకటి నిద్రపోతుంటాయి. కాబట్టి ఈ అచ్చుచీటీ కింద ఇంకోటి ఉండాలి. ఉంటే అది ఆయనదే అయివుండాలి.

బల్లదీపం వేసింది. జిగురు కరిగించే మందు సీసా తీసి, దూది చివరతో చీటీ అంచుల చుట్టూ రాసింది. ఆత్రపడితే చిరుగుతుంది. మందు ఇంకేదాకా ఆగాలి. ఆమె ఆగింది. గుమ్మంలో మరిది శ్వాస పెద్దగా వినబడుతోంది. సన్నటి చెక్కపుల్లతో ఒక మూల లేపి, పట్టకారుతో పట్టుకుని, వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా లాగింది. అచ్చుచీటీ మొత్తంగా లేచి వచ్చింది.

కింద పసుపు తిరిగిన కాగితం. నీలిసిరా. ఏడు అంకెకి నడుమ అడ్డగీత పెట్టడం ఆయన అలవాటు. ఆ నంబరులో మూడు ఏడులు ఉన్నాయి. మూడింటికీ అడ్డగీతలు ఉన్నాయి.

"ఇది మాది," అన్నాడు బ్యాంకు మనిషి ఆమె భుజంమీదుగా చూస్తూ.

ఆమె దూదితో ఆ కాగితం అంచున మిగిలిన జిగురు తుడిచింది. తుడవాల్సిన దానికన్నా కొంచెం ఎక్కువసేపు తుడిచింది.

ఆయన అన్ని జాగ్రత్తలు రాశాడు. తాను అంటించిన నంబరునే ఎవరైనా మారిస్తే ఏం చేయాలన్నది మాత్రం రాయలేదు. ఆ నంబరుమీద ఆయనకు అంత నమ్మకం. ఫోకస్‌గారికి ఆయన మాటమీద అంత నమ్మకం. ఎవరో ఆ నమ్మకం కొలతలు తీసుకుని, సరిగ్గా దానికి సరిపోయే చీటీ కత్తిరించారు.

"ఈ యంత్రం ఎప్పుడైనా బయటికి వెళ్ళిందా?" బ్యాంకు మనిషి అడిగాడు.

వెళ్ళింది. ఆయన పోయిన మూడోరోజున. దుకాణం మూసి ఉన్న ఆ వారంలో, కాగితం ఇరుక్కుంటోంది బాగుచేస్తానని మరిది ఇంటికి తెచ్చాడు. వారం రోజులు అది భోజనాల బల్లమీద పడి ఉంది. అందరూ ఒకే ఇల్లు. ఆమె, మరిది, తోడికోడలు. వచ్చిపోయే చుట్టాలు.

"ఇంటికి వెళ్ళింది," అంది ఆమె. మరిది వైపు చూడలేదు.

"వదినా, ఇంటికి వందమంది వచ్చారు ఆ వారం. ఎవరో వేలు పెట్టి ఉండొచ్చు. ఇప్పుడిది పోలీసుల పని. మనం దీన్ని కెలక్కూడదు."

"పోలీసులు రేపొస్తారు," అన్నాడు బ్యాంకు మనిషి. "ఈ చీటీ పీకిన సంగతి ఇప్పటికి ఈ నలుగురికే తెలుసు. అవతలివాళ్ళు ఇంకా కాచుకుని ఉంటారు. ఈ దుకాణం నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తుతారు. పెద్దాయనా, నాలుగో కెమెరా అమ్ముతారా?"

ఫోకస్‌గారు అతని వైపు, తర్వాత ఆమె వైపు చూశాడు. "అమ్మేది కెమెరా అయితే అమ్ముతాను," అన్నాడు. "గొంతు వణక్కుండా చూడాలి, అంతే."

బ్యాంకు మనిషి ఒక కాగితంమీద ఉత్తుత్తి కార్డు నంబరు రాసిచ్చాడు. ఫోకస్‌గారు ముందుగదిలో బల్లమీది ఫోన్ నుంచి చేయాలి. దానికి జతగా వెనకగదిలో ఇంకో ఫోన్ ఉంది. లెన్సు చేతిలో ఉన్నప్పుడు లేచి రానక్కర్లేకుండా భర్త పెట్టించాడు. ఆమె దాన్ని ఎత్తి వినాలి, మాట్లాడకూడదు.

"నేను వింటాను వదినా, నువ్వెందుకు," అన్నాడు మరిది.

"గొంతులు నాకు బాగా గుర్తుంటాయి," అంది ఆమె.

అతను గుమ్మంలోంచి కదల్లేదు. ముఖంలో రక్తం లేదు. అది భయమో, తన ఇంటిపేరు బజారున పడుతోందన్న బాధో ఆమెకు తెలియలేదు. ముఖాలు చదవడం ఆమెకింకా రాలేదు.

గోడ గడియారం నాలుగూ ఆరు. ఫోకస్‌గారు అచ్చుచీటీని భూతద్దం కింద పెట్టుకుని ఒక్కో అంకే నొక్కాడు. ఆమె రెండోఫోన్ ఎత్తి, నోటి దగ్గరి భాగాన్ని అరచేత్తో మూసింది.

రెండుసార్లు మోగింది. ఎవరో ఎత్తారు.

"కార్డుల విభాగం. నమస్కారమండీ."

ఆడగొంతు. కాస్త లోతుగా, ఊపిరి కలిసినట్టుగా ఉంది. ఆమెకు తెలిసిన గొంతు కాదు. 

"నమస్కారమమ్మా. కెమెరాల దుకాణం నుంచి. మళ్ళీ ఒక కార్డు మొరాయిస్తోంది," అన్నాడు ఫోకస్‌గారు. గొంతు కొద్దిగా వణికింది. వయసు వణుకు, ఎవరూ అనుమానించరు.

"అయ్యో, మళ్ళీనా? ఏం ఫర్వాలేదు. నంబరు చెప్పండి. నెమ్మదిగా చెప్పండి, నేను రాసుకుంటున్నాను."

ఆమెకు ఆ మాట తెలుసు.

నెమ్మదిగా చెప్పండి, నేను రాసుకుంటున్నాను. ఆయన పోయాక నెలరోజులపాటు ఇంటికి వచ్చిన ప్రతి ఫోనూ తోడికోడలే ఎత్తింది. ఎక్కడెక్కడి చుట్టాలో, పాత ఖాతాదార్లో, ఏడుస్తూ మాట్లాడేవాళ్ళు. ఎవరితోనూ విసుక్కోలేదు. పక్కగదిలో గోడవైపు తిరిగి పడుకున్న ఆమెకు రోజంతా ఆ ఒక్క మాటే వినబడేది. ఆ మాట విన్నప్పుడల్లా, తన బదులు ఎవరో నిలబడి ఉన్నారని ధైర్యంగా ఉండేది. పెళ్ళికాకముందు ఏదో కంపెనీలో రోజంతా ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేసిన పిల్ల. గొంతుని ఎలా కావాలంటే అలా మార్చగలదు. చుట్టాల్ని అనుకరించి ఆయన్ని ఎన్నిసార్లు నవ్వించిందో.

కాదు, అనుకుంది ఆమె. ఆ మాట ఎవరైనా అంటారు. ఫోన్లెత్తే ఉద్యోగాల్లో అందరికీ నేర్పే మాటే అయివుంటుంది. ఒక మాట పట్టుకుని ఒక మనిషిమీద నేరం మోపితే, బల్లమీద ఉన్న ఆ నాలుగు వాక్యాలకీ తనకీ తేడా ఏముంది?

ఫోకస్‌గారు అంకెలు చదువుతున్నాడు. అవతల పెన్ను కదులుతున్న చప్పుడు.

"చివరి నాలుగూ ఇంకోసారి చెప్తారా?"

చెప్పాడు.

అప్పుడు, ఆ గొంతు వెనక ఎక్కడో, గంట కొట్టడం మొదలైంది. ఇత్తడి గంట. మొదటి దెబ్బకి ముందు చిన్నగా గీసుకున్న శబ్దం, ముసలివాడు దగ్గబోయి ఆగినట్టు. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

ఆమె తలెత్తి, గుమ్మంలోంచి ముందుగది గోడమీదికి చూసింది. నాలుగూ ఏడు.

ఇంట్లో, హాలులో, ఆయన పాతసామాన్ల దుకాణంలో కొని తానే బాగుచేసిన గడియారం ఒకటి ఉంది. ఏడు నిమిషాలు వెనక నడుస్తుంది. ప్రతి ఆదివారం కీ ఇచ్చేవాడు కానీ ఏనాడూ సరిచేయలేదు. పోయినవారం తోడికోడలు స్టూలు ఎక్కి, "అక్కా, ముల్లు తిప్పి సరిచేసేదా?" అని అడిగింది. అలాగే ఉండనివ్వమంది ఆమె. ఎందుకో చెప్పలేదు. తోడికోడలూ అడగలేదు. స్టూలు దిగి, ఆమె తలమీద చెయ్యి వేసి లోపలికి వెళ్ళిపోయింది.

"రాసుకోండి," అంది ఫోన్లో గొంతు. "నాలుగు, సున్నా, తొమ్మిది..."

ఆమె అరచేయి చెమటకు జారింది. ఫోన్ బల్లదీపానికి తగిలి చిన్నగా టంగుమంది. అవతల అంకెలు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ సాగాయి. "...రెండు, రెండు, ఎనిమిది. ఉంటానండీ."

ఫోన్ పెట్టేసిన చప్పుడు.

ఆమె కూడా పెట్టేసింది. బల్లదీపం ఆర్పింది. మందు సీసాకి మూత బిగించి, పట్టకారు తుడిచి దాని చోట పెట్టింది. ఏ వస్తువు చోట ఆ వస్తువు పెట్టాక, ఇక చేయడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి, లేచి ముందుగదిలోకి వచ్చింది.

"ఎవరో తెలిసిందా మేడమ్?" బ్యాంకు మనిషి కంగారుగా అడిగాడు.

"ముందు ఇది," అంది ఆమె.

మరిది తెచ్చిన కాగితాన్ని వెనక్కి తిప్పింది. పెన్ను మూత తీసి, నిలబడే రాయడం మొదలుపెట్టింది. తమ యంత్రం అడుగున ఉన్న బ్యాంకు నంబరుమీద ఎవరో వేరే నంబరు అంటించారని. అమ్మకాల మనిషి తన భర్త చెప్పిన పద్ధతిని అక్షరాలా పాటించాడని, ఆయనకు ఈ మోసంతో సంబంధం లేదని. ఆ దొంగ నంబరుకు ఈరోజు బ్యాంకు ఉద్యోగి ఎదుటే ఫోన్ చేయగా కోడ్ ఇచ్చారని. మూడు వాక్యాలు. కింద సంతకం పెట్టింది. బ్యాంకు మనిషి తాను కూడా సాక్షి సంతకం పెట్టాడు.

"యంత్రం మీ దగ్గరే ఉంటుంది మేడమ్," అన్నాడు. "కానీ చేత్తో కోడ్ కొట్టే ఏర్పాటు ఈ క్షణమే మూసేయిస్తాను. ఇకమీదట కార్డు ఒప్పుకోకపోతే అమ్మకం లేదు, అంతే. మా నంబరు ఏ చీటీమీదా వద్దు. మీ బుర్రలో పెట్టుకోండి."

ఫోకస్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈసారి ఆలోచించడానికి కాదు. "అయ్యగారు ఉండి ఉంటే..." అని ఆగిపోయాడు.

"ఉన్నారుగా," అంది ఆమె యంత్రం వైపు చూసి. "ఆయన నంబరు కిందే ఉంది."

బ్యాంకు మనిషి గొంతు తగ్గించాడు. "మేడమ్, ఇంకొక్క వాక్యం కావాలి. గొంతు మీరు గుర్తుపట్టారా, లేదా? ఏదైనా సరే, రాసివ్వండి."

పెన్ను కాగితంమీదే ఆగి ఉంది. దాని మొన దగ్గర సిరా చుక్కగా ఊరుతోంది. మరిది ఆమెనే చూస్తున్నాడు. ఎవరు వదినా అని అడగాలి అతను. ఎవరైనా అదే అడుగుతారు. అతను అడగలేదు.

బల్లమీది ఫోన్ మోగింది.

నలుగురూ ఉలిక్కిపడ్డారు. ఫోకస్‌గారు ఎత్తి, చెవికి పెట్టుకుని, ఒక్క క్షణం విన్నాడు. తర్వాత ఫోన్‌ని చెవికి దూరంగా పట్టుకుని, మొదటిసారి చూస్తున్న వస్తువులా దాన్నే చూశాడు.

"అమ్మా," అన్నాడు మెల్లగా. "ఇంటినుంచి. మీ తోడికోడలుగారట. మీతోనే మాట్లాడాలట."

ఆమె అందుకుంది.  అవతల ముందుగా వినబడింది హాలులోని గడియారం లోలకం ఊగుతున్న చప్పుడు.

"అక్కా," అంది తోడికోడలు, తన సొంత గొంతుతో. "ఇందాక లోపలి ఫోన్ ఎత్తింది నువ్వేనా?"